నాలుగు ఒకటి ఆరు అంటే మేమే

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు ఎస్తేరు వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ క్షేమం. నువ్వు, వదిన, పింకీ కులాసాగా ఉన్నారనుకుంటాను. అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? ఫోన్ చేద్దామంటే నువ్వు ఖాళీగా ఉన్నప్పుడు నేను గాల్లో ఉంటాను. నేను దిగేసరికి నువ్వు రేపల్లె ప్యాసింజరు నడుపుతూ ఉంటావు. అందుకే తీరిగ్గా ఇది రాస్తున్నాను.

వియత్నాం వచ్చి ఏడు నెలలైంది. వాన మన పెనుమూడిలో పడ్డట్టే చెప్పాపెట్టకుండా పడుతుంది. అన్నం, చేపలు బాగానే దొరుకుతాయి. మన కారమే లేదు. తెలుగు మాట వినపడక దిగులేస్తుంది. ఆదివారం ఒక్కదాన్నే కీర్తనలు పాడుకుంటుంటే పక్క గది అమ్మాయి గోడ తడుతుంది. బాగుందని తడుతుందో, ఆపమని తడుతుందో ఇంకా తెలియలేదు. నా గురించి బెంగపెట్టుకోకండి, బాగానే ఉన్నాను.

కో-పైలట్ ఉద్యోగమూ బాగుంది. ఉన్న బాధల్లా కంట్రోలు టవరు వాళ్లతోనే. తెనాలి ఔటర్లో సిగ్నలివ్వలేదని నువ్వు విసుక్కుంటావు కదా, నువ్వు నయం. నీ రైలు ఆగుతుంది, విమానం ఆగదు. "ఆగండి" అంటే మేం గాల్లో గుండ్రంగా తిరగాలి. ఇక్కడి పైలట్లతో వాళ్లు సొంత భాషలో మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు కూడా. నా ఇంగ్లిషు వాళ్లకు అర్థం కాదు, వాళ్లది నాకు అర్థం కాదు. రోజుకు ఇరవైసార్లు "మళ్లీ చెప్పండి" అంటాను.

రెండు వారాల కిందట ఉరుములతో వాన. మమ్మల్ని ఎనిమిది వేల అడుగుల ఎత్తులో అరగంట తిప్పారు. మా విమానం నంబరు నాలుగు ఒకటి ఆరు. మాకు సరిగ్గా వెయ్యి అడుగుల కింద ఇంకొకటి తిరుగుతోంది. రేడియోలో విన్నదాన్ని బట్టి దాని నంబరు నాలుగు ఆరు ఒకటి. అంతలో కంట్రోలరు గబగబా, "నాలుగు ఒకటి ఆరు, ఆరు వేలకు దిగండి" అన్నారు. అలా దిగితే కిందిదాని మీదికే పోతాం.

మా కెప్టెన్ చెయ్యి అప్పుడే మీట మీదికి వెళ్లింది.

"ఆగండి సార్, కింద వాళ్లున్నారు," అన్నాను.

"మన నంబరే చెప్పారుగా, ఒప్పుకో," అన్నారాయన.

నేను ఒప్పుకోలేదు. "నాలుగు ఒకటి ఆరా, నాలుగు ఆరు ఒకటా?" అని టవరును అడిగాను.

"ఆగండి!" అని కసిరారు.

వెనక నూట ఎనభై మంది. మళ్లీ అదే అడిగాను. ఈసారి ఆ గొంతు మెత్తగా, "ఆరు వేలకు దిగాల్సింది నాలుగు ఆరు ఒకటి. నాలుగు ఒకటి ఆరు, మీరు ఉన్నచోటే ఉండండి. థాంక్యూ మేడమ్," అంది.

దిగాక టవరుకు ఫోన్ చెయ్యమన్నారు. అలా పిలిస్తే మాకు మూడినట్టే. ఎదురుప్రశ్న వేశానని ఫిర్యాదు చేస్తారనుకుంటూనే చేశాను. ఆ కంట్రోలరే ఎత్తారు, పెద్దాయన.

"తప్పు నాది. నా పేరుతోనే రిపోర్టు రాశాను. మీరు ఊరికే అడుగుతారని ఇక్కడందరం విసుక్కునేవాళ్లం. దయచేసి అడగడం మానకండి," అన్నారు.

"అలాగేనండి" అని తెలుగులోనే అనేశాను.

ఇప్పుడు ఆయన డ్యూటీలో ఉంటే మా నంబరును ఒక్కో అంకె విడదీసి, ఒకటో తరగతి పిల్లలకు చెప్పినంత నిదానంగా చెబుతున్నారు. మా వెనక వరసలో ఉన్న విమానాలవాళ్లు నన్ను తిట్టుకుంటున్నారు. ఆయన చెప్పడం పూర్తయ్యేలోగా మొన్న తిరగాల్సిన మలుపు కాస్తా దాటిపోయాం!

ఈ ఉత్తరం అమ్మకు చదివేటప్పుడు ఆ ఎనిమిది వేల అడుగుల సంగతి వదిలెయ్యి. వచ్చే నెల బాపట్ల నుంచి నా స్నేహితురాలు వస్తోంది. ఆమె చేత నల్లకారం, ఆ పెద్దాయనకు ఇవ్వడానికి ఒక మంచి పేరాల నేత తువ్వాలు పంపించు. పిట్టలవానిపాలెం పెద్దమ్మకు, పెదనాన్నకు నా వందనాలు చెప్పు. పింకీకి ముద్దులు.

సాయంత్రం ప్రార్థనలో నన్ను తలుచుకోండి. ఆ పెద్దాయన్నీ తలుచుకోండి. ఆయన పేరు పలకడం నాకే సరిగ్గా రాదు. టవరు పెద్దాయన అంటే చాలు, దేవుడికి అర్థమవుతుంది.

మీ దీవెనలు కోరే
నీ చెల్లెలు
ఎస్తేరు