పదో జెండా

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నామని రాయడం మర్యాద కాబట్టి అలాగే అనుకోండి. అక్కడ మీరు బాగున్నారని నాకు తెలుసు. ఎలా తెలుసో తర్వాత రాస్తాను.

ముందు మీ ఉత్తరానికి జవాబులు. పాపకు జ్వరం తగ్గింది, బడికి వెళుతోంది. ఇంటి ముందుగదిలో మనం నడిపే ఆటల హాల్లో ఆ జెండాల కారు వీడియోగేమ్ మిషన్ ఎలా ఉందని అడిగారు. కన్నతండ్రి కంటే ముందు దాని క్షేమమే అడిగారు. దివ్యంగా ఉంది. హ్యాండిల్ ఎడమకు తిప్పితే కాస్త మొరాయిస్తోంది, అంతే. పాప స్టూలెక్కి ఆడుతోంది. ఇరుకు సందుల్లో ఆ చిన్న కారు తోలుతూ జెండాలు ఏరుకుంటుంది, ఎర్ర కార్లు వెంటపడితే బటన్ నొక్కి వాటి మొహాన పొగ వదులుతుంది. అచ్చం మీ పోలికే. పది జెండాలూ అయ్యాయని అది కేకపెడితే లోపలిగదిలో మామయ్యగారు మంచం మీంచే చప్పట్లు కొడతారు. పది అయితే ఆట గెలిచినట్టేనని ఆయన నమ్మకం.

ఆయన సంగతి ఏం రాయను? మంచం దిగడం లేదు. రెండు చెంచాల పాలు పట్టడానికి బతిమాలాల్సి వస్తోంది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, రావలసినవాళ్లను పిలిపించుకోండమ్మా అన్నాడు. ఆ మాటే మీకు రాశాను. యజమాని రాక్షసుడు, సెలవివ్వడం లేదని మీరు జవాబిచ్చారు. మన ఇంట్లో ఎవరైనా సాకులు చెప్పి తప్పించుకోబోతే "పొగ వదలకు" అంటాం కదా, ఆ మాట నేర్పింది మీరే. అయినా మీ ఉత్తరం చదివినప్పుడు నాకది గుర్తు రాలేదు. పాపం, ఎంత అవస్థ పడుతున్నారో అనుకున్నాను. నా బుద్ధికి నేనే మొట్టికాయ వేసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం పాపనీ మామయ్యగారినీ పక్కింటావిడకు అప్పగించి మీరు పనిచేసే ఊరు వచ్చాను. యజమాని కాళ్లావేళ్లా పడైనా మిమ్మల్ని వెంటబెట్టుకు వద్దామని. ఆ రాక్షసుడు నాకు కుర్చీ వేసి, మంచినీళ్లు తెప్పించాడు.

"అదేంటమ్మా, నాన్నగారికి బాగోలేదని సెలవు పెట్టి ఊరెళ్లాడుగా. ఇంటికి రాలేదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. దారిలో ఒకళ్లనొకళ్లం తప్పిపోయి ఉంటాం అని చెప్పి బయటపడ్డాను. అక్కడ మీ పరువు నేనే కాపాడాను, అది మాత్రం మర్చిపోకండి.

బస్టాండుకు వస్తుంటే ఎదురుగా ఇంకో ఆటల హాల్లోంచి జెండా అందిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు ఎంత గోలలోనైనా తెలుస్తుంది. లోపలికి వచ్చాను. మీరే. చెయ్యి చాస్తే మీ చొక్కా అందుతుంది, అంత దగ్గరగా వెనక నిలబడ్డాను. తెర పక్కన మ్యాపులో ఒక్క జెండా చుక్కే మిగిలి ఉంది.

"నీడ పడుతోంది, కాస్త తప్పుకోండి" అన్నారు మీరు, తల తిప్పకుండానే.

జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చుకురావాలనిపించింది. కానీ దారిన పోయే మనిషితో అన్నట్టు అంత మర్యాదగా అనేసరికి తప్పుకున్నాను. బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే మామయ్యగారు అడిగారు, వాడు కనిపించాడా అని. ఆయన మొహాన పొగ వదలడం నా వల్ల కాలేదు.

"కనిపించారు మామయ్యా. జెండాలు ఏరుకుంటున్నారు."

"ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటే."

"అయితే అది అయిపోగానే వచ్చేస్తాడులే."

మొహం తేటపడింది. మంచం గుమ్మం వైపు తిప్పించుకున్నారు. అప్పట్నుంచీ అటే చూస్తున్నారు. వాడొచ్చేసరికి కాస్త ఓపిక ఉండాలని, పాలు కూడా అడిగి తాగుతున్నారు.

పదో జెండా తీయగానే కొత్త సందులతో ఇంకో తెర వస్తుందనీ, మళ్లీ పది జెండాలుంటాయనీ ఆయనకు తెలియదు. నేను చెప్పను. చెప్పాలనుకుంటే మీరే వచ్చి చెప్పండి.

ఇట్లు,
మీ నాన్నగారి కోడలు