మద్రాసు సీరియల్, చిత్తూరు కథ

తిరుపతి, ఆగస్టు 4

ప్రియమైన శకుంతలత్తకు,

నీకు చెవులు వినిపించడం లేదని మీ కోడలు చెప్పింది. అందుకే ఫోను వదిలి కాగితం పట్టాను.

చిత్తూరులో మీ యాంటెన్నా మద్రాసు వైపు తిప్పి, మంగళవారం సాయంత్రాలు వీధంతా కూర్చుని చూసిన అరవ సీరియల్ గుర్తుందా? భాష తెలిసింది తడలో పుట్టిన నీకొక్కదానికే. ఒక్కో మాటా మాకు తెలుగులో చెప్పేదానివి. అది యూట్యూబులో దొరికింది. గోడలు అట్టముక్కలని ఇప్పుడు తెలిసిపోతోంది గానీ, అందులోని ఆ పిల్ల, కోమలి, తండ్రి ఊరికే కూర్చుని చూస్తే నాకు ఇప్పటికీ భయమేసింది. పదమూడింట్లో నాలుగు భాగాలు అయ్యాయి. వెల్లూరు నర్సు ట్రైనింగులో అరవం నేర్చుకున్నాను కాబట్టి ఈసారి నీతో పని లేదు.

నీ సుజన

తడ, ఆగస్టు 11

చిరంజీవి సుజనకు,

నీ జాబు చూసి సంతోషపడ్డాను. ఈడ పులికాట్ రొయ్యలు బాగా పడుతున్నాయి, వస్తే వండి పెడతాను. ఆ సీరియల్ మొదటి నాలుగు భాగాలే బాగుంటాయమ్మా. మిగతాదంతా సాగదీత. అంతటితో ఆపెయ్.

ఆశీస్సులతో, శకుంతల

తిరుపతి, ఆగస్టు 20

శకుంతలత్తకు,

పదమూడూ చూశాను. కోమలి మేనమామనే పెళ్లి చేసుకుంది. చివర్లో బస్సెక్కింది అత్తగారింటికి. నువ్వేమో నర్సు చదువుకు పోతోందన్నావు. నెల తిరక్కుండా తండ్రి వచ్చి చూశాడన్నావు.

అది నమ్మే నేను ఇంట్లో నాకు కుదిర్చిన వరదయ్య మామను కాదని వెల్లూరు పోయాను. మా నాయన చనిపోయేదాకా నా ముఖం చూడలేదు. అమ్మ నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కోపంతోనే, ఆమె మా తమ్ముడు మోహన్ దగ్గర పూతలపట్టులో ఉన్నా, పాతికేళ్లుగా వాడి గడప తొక్కలేదు. నర్సునైనందుకు నాకు చింత లేదు. కానీ నా బతుకులో నేనుగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే అనుకున్నాను. ఎందుకు అబద్ధం చెప్పావు?

సుజన

తడ, ఆగస్టు 29

చిరంజీవి సుజనకు,

అబద్ధమే. ఐదో వారం మీ అమ్మ పిండి రుబ్బుకునే నెపంతో మా ఇంటికి వచ్చింది. "వదినా, మా ఆయన ముందర నాకు నోరు లేదు. ఆ పిల్ల సదువుకు పోయినట్టు సెప్పు. మా సుజన వింటాది" అనింది. అప్పటినుంచి ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఆమె కథ చెప్పేది, సాయంత్రం నేను దాన్ని బొమ్మలకు అతికించేదాన్ని. తండ్రి వచ్చి చూశాడనమన్నదీ ఆమే. మీ నాయనా అలాగే నీ దగ్గరికి వస్తాడని నిజంగా నమ్మింది, పిచ్చిది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఈ వయసులో ఒట్టుకు భయపడటం నా వల్ల కాదు.

శకుంతల

పూతలపట్టు, సెప్టెంబరు 6

ప్రియమైన అత్తకు,

మొన్న వచ్చాను. అమ్మ ఏమీ అడగలేదు, అన్నం పెట్టింది. తిన్నాక ఆమె పక్కన కూర్చుని ఫోనులో చివరి భాగం పెట్టాను. కళ్లు సరిగా ఆనకపోయినా మొత్తం చూసింది. ఆ పిల్లకు పెళ్లి చేసేసినారా అని అడిగింది. చేసేశారన్నాను.

"వాళ్లమ్మ యాడుండాది? ఏం సేసినాది?" అనింది.

"ఏమీ సేయలేదుమా. పదమూడు భాగాలూ వాకిట్లో నిలబడే ఉండాది" అన్నాను.

నాలుగు రోజులు సెలవు పొడిగించమని ఆసుపత్రికి రాశాను.

నీ సుజన