మారెక్ వాళ్ళ ఊరు

మెసయీద్, ఖతార్

అమ్మమ్మా, నీ ఆరోగ్యం కుదుటపడిందని తలుస్తాను.

"ఊరూ పేరూ తెలియనివాడికి పిల్లనెలా ఇస్తామే?" అని ఫోన్‌లో అడిగావు. అందుకే ఈ ఉత్తరం.

నాతో ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే మారెక్‌ది చెక్ దేశంలో లిప్నిచ్కా అనే చిన్న ఊరు. రెండు కొండల మధ్య వాగు, వాగు పక్కన బంగాళాదుంప చేలు, చలికాలమంతా మంచు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి జర్మన్ వాళ్ళను వెళ్ళగొట్టి, ఖాళీ అయిన ఇళ్ళు వేరేవాళ్ళకు ఇచ్చారట. అలా అమ్మానాన్నలతో ఆ ఊరొచ్చిన చిన్నపిల్లే మారెక్ నాయనమ్మ. వెళ్ళిపోయినవాళ్ళ పెద్దల సమాధుల మీద నాయనమ్మ వాళ్ళమ్మ ఏటా దీపాలు పెట్టేదట. ఇప్పుడు ఈవిడ పెడుతోంది.

నా సంగతి చెప్పగానే ఆవిడ, "ఆ పిల్లను పెంచినావిడ సరేనందా?" అని అడిగింది. ఇంకా లేదన్నాడు మారెక్.

"అయితే ఆగు. ఎవరో ఏడుస్తూ వదిలిపోయిన ఇంట్లో పెరిగాను నేను. ఇంకో ఇంటిని ఏడిపించి పిల్లను తెచ్చుకోను" అందట.

మేం ఆగాం, అమ్మమ్మా. నీ మనసు ఒప్పుకున్నాకే చెప్పు.

నీ మనవరాలు