గొడుగుల పక్కన జనరల్ గారి కత్తి

స్టెటిన్,
1883 ఆగస్టు

లియోపోల్డినా అక్కకు తమ్ముడు ఎబర్హార్ట్ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, నా గుర్రం, నా మోకాలినొప్పి ముగ్గురమూ క్షేమం. అక్కడ నువ్వూ నీ బాతులూ క్షేమమని తలుస్తాను.

అక్కా, ఒక కబురు. వచ్చే నెల విన్యాసాల్లో, అదే, తూటాలు లేని ఉత్తుత్తి యుద్ధంలో, నా బ్రిగేడ్‌కి ఎదురుపక్షం నడిపేది ఎవరనుకున్నావు? సాక్షాత్తూ రాజుగారి మేనల్లుడు, రాకుమారుడు ఎగిల్మార్. అదీ మన ట్రెబ్నో పొలాల మీదే. జరగవలసినట్టు జరిగితే నాకు డివిజన్, అంటే ఇంతకు రెండింతల సేన, ఖాయమని పైవాళ్లు చెవిన వేశారు. అటూ ఇటూ అయిందా, రాజుగారి కచేరీ నుంచి నీలి కవరు వస్తుంది. అది అందుకున్న అధికారి యూనిఫాం పెట్టెలో పెట్టి తాళం వేసుకోవలసిందే. పెళ్లాంపిల్లలు లేనివాణ్ణి. పదిహేడో ఏట తొడుక్కున్న ఈ కోటు తీసేస్తే లోపల ఎవరున్నారో నాకే తెలియదు.

నీ తమ్ముడు,
ఎబర్హార్ట్ ఫన్ ట్రెబ్నో

తా.క. పొగబెట్టిన బాతుమాంసం పంపు. కిందటిసారి పంపింది రుచి చూస్తానని నా సహాయకుడు తీసుకెళ్లాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.


ట్రెబ్నో

చిరంజీవి ఎబర్హార్ట్‌ను అక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివిన సంబరంలో బాతుల దొడ్డి తలుపు వేయడం మరిచాను. ఊరు ఊరంతా వాటి వెనకాలే పరిగెడుతోంది. ఇంతకీ నా కబురు విను. రాకుమారుడికీ ఆయన పరివారానికీ విడిది మనింట్లోనేనట. జిల్లా అధికారి స్వయంగా వచ్చి గదులు చూసి, గోడలకు రంగు వేయించమని సలహా ఇచ్చి వెళ్లాడు. రంగు మాత్రం ఇవ్వలేదు.

ఒరేయ్, నాకు మొదటినుంచీ ఒక అనుమానం. ఆస్ట్రియా వాళ్లతో యుద్ధంలో పొగమంచులో దారి తప్పి శత్రువు వీపు వెనక తేలావు. పతకం ఇచ్చారు. ఫ్రెంచి యుద్ధంలో పటం తలకిందులుగా పట్టుకుని మంచినీళ్ల బావి వెతకబోయి, వాళ్ల ఫిరంగుల మధ్యకు పోయావు. వాళ్లు భోజనాల్లో ఉన్నారు. ఇంకో పతకం. నీ కొలువంతటిలో నువ్వు వెళ్లాలనుకున్న చోటికి ఒక్కనాడైనా వెళ్లావా అని? అందుకే ఈసారి నీ గెలుపును అదృష్టానికి వదలను. ఆ పొద్దున రాకుమారుడికి పాముచేప పులుసు పెడతాను. నా పులుసు తిన్న మగవాడు మధ్యాహ్నం దాకా గుర్రమెక్కగా నేను చూడలేదు. నువ్వు దర్జాగా వచ్చి గెలువు.

నీ మేలు కోరే,
లియోపోల్డినా

తా.క. డివిజన్ వచ్చినా సరే, కత్తితో నా గడప దాటకు. నాన్నగారు పెట్టిన పద్ధతి ఇది. గుమ్మం దగ్గర గొడుగుల పక్కన పెట్టి, బూట్లు తుడుచుకుని రా.


స్టెటిన్

అక్కా,

కుశలప్రశ్నలకు వ్యవధి లేదు. జరగవలసినట్టు అంటే నేను ఓడిపోవలసినట్టు. ఆ మాట కాగితం మీద ఎలా పెడతాననుకున్నావు? రాజవంశం వాళ్లు విన్యాసాల్లో ఓడరు. ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. నిరుడు జనరల్ ఫన్ క్వాస్నిట్స్ ఒక వాగు దగ్గర రాజబంధువును గెలిచాడు. ఇప్పుడు తేనెటీగలు పెంచుతున్నాడు. అవీ ఆయన మాట వినడం లేదట.

నీకు పుణ్యముంటుంది, పులుసు వద్దు. ఆయనకు ఎండు రొట్టె ఇచ్చి తెల్లారగానే గుర్రమెక్కించు. నా వంతు నేను ఆలోచించాను. బ్రిగేడ్‌ను బిర్కెన్ ఊబి మీదుగా నడిపిస్తాను. అందులో దిగినవాడు పొద్దుగూకేదాకా ఎక్కడా తేలడు. దారి తప్పడం నాకు వచ్చిన విద్యే కదా.

కంగారులో,
ఎబర్హార్ట్

తా.క. సైనికులకు ఈ సంగతి తెలియదు. ఊబి దారి మహావ్యూహమని మురిసిపోతున్నారు. నా సహాయకుడైతే కళ్లు తుడుచుకున్నాడు.


స్టెటిన్,
సెప్టెంబరు

అక్కా,

నా ఉత్తరం నీకు సమయానికి అందలేదని నీ ముఖం చూడగానే తెలిసింది. పోనీ, ఈ ఏడు వానల్లేక ఊబి ఎండిపోయిందని ఒక్క ముక్క రాయకూడదా? బ్రిగేడ్ బ్రిగేడంతా బూటు తడవకుండా దాటింది. పైగా పొగమంచు. ఎదురుగా ఏదో గోడ కనిపించింది. ఏ పల్లెటూరో అనుకుంటుండగా బాతుమాంసం పొగ వాసన తగిలింది. మన పెరడు!

నేను నోరు తెరిచేలోగా నా మనుషులు ఇల్లు చుట్టుముట్టేశారు. ఇంత చక్కగా ఎన్నడూ చుట్టుముట్టలేదు. రాకుమారుడు వెళ్లిపోయాడా అని నిన్ను అడగడానికి ఒక్కణ్ణే పరిగెత్తుకొచ్చాను. భోజనాల గదిలో ఆయన, కాళ్లకు మేజోళ్లు, చేతిలో చెంచా. "జనరల్, కూర్చోండి, పులుసు చల్లారిపోతుంది" అన్నారు. అంతకన్నా మర్యాదగా ఎవరికీ ఉరి వేసి ఉండరు.

తీర్పు రేపు అన్నాడు గెలుపోటములు తేల్చడానికి వచ్చిన, చేతికి తెల్లపట్టీ కట్టుకున్న ఆ తీర్పరి కర్నల్. నేను గుర్రమెక్కి వెనక్కి చూడకుండా వచ్చేశాను. పెట్టె తాళం వెతుక్కుంటున్నాను. పడమటి గది ఖాళీయేనా? తేనెటీగలు నీకు ఇబ్బందా?

ఇక ఏ హోదా లేని,
ఎబర్హార్ట్

తా.క. కంగారులో కత్తి మనింట్లోనే మరిచాను. ఇక దానితో నాకేం పని, ఉంచుకో.


ట్రెబ్నో

చిరంజీవి ఎబర్హార్ట్‌ను అక్క దీవించి, ఆయాసపడుతూ రాసేది.

తాళం దొరికినా పెట్టె మూయకు.

మర్నాడు పొద్దున కర్నల్ వచ్చాడు. రాకుమారుడు ముఖం వేలాడేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. విడిదిని చుట్టుముట్టారు కాబట్టి గెలుపు నీదేనని కర్నల్ తీర్పు చెప్పేశాడు. సంతకం పెట్టడమే తరువాయి. బయట గుర్రం మీదున్న కాగితాలు తేవడానికి లేచి, చినుకు మొదలైందని గొడుగు అందుకోబోయి నీ కత్తి పట్టుకున్నాడు.

"అమ్మగారూ, ఇదెవరిది?"

"మా తమ్ముడిది. లోపలికొస్తూ అక్కడ పెట్టాడు."

"అప్పుడు రాకుమారులు లోపల ఉన్నారా?"

"మూడో గిన్నె మీద ఉన్నారు."

"జనరల్ వెంట ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. బూట్లు కూడా తుడుచుకునే వచ్చాడు."

కర్నల్ కుర్చీలో కూలబడ్డాడు. ఆయుధం దించి, ఒంటరిగా శత్రువు విడిదిలోకి నడిచి వచ్చిన సేనాని బందీ అవుతాడట. సేనాని బందీ అయ్యాక బయట ఎంతమంది నిలబడ్డా లెక్కలోకి రారట. బల్ల ముందు నుంచి లేవకుండా, చెంచాతోనే ఒక జనరల్‌ను పట్టుకున్నానని రాకుమారుడు మేజోళ్లతోనే గదంతా గంతులేశాడు. ఇంత హుందాగా ఓడినవాణ్ణి చూడలేదని, డివిజన్ నీకే ఇవ్వాలని తానే పైకి రాసి పంపాడు.

నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. అయినా మనసులో తెగడం లేదురా. దారి తప్పినప్పుడల్లా గెలిచావు. ఇంటి గుమ్మం గుర్తుపట్టి, కత్తి దించి, బూట్లు తుడుచుకుని ఓడిపోయావు. దేనికి పతకం ఇవ్వాలో నాకు తెలియదు. కోటు తీస్తే లోపల ఎవరున్నారో తెలియదన్నావే, కత్తి దించి వచ్చినవాణ్ణి నేను చూశాను. వాడు మా ఎబర్హార్టే.

నీ అక్క,
లియోపోల్డినా

తా.క. త్వరగా రా. వెళ్లేటప్పుడు ఎవరికీ ఏ ఆజ్ఞా ఇవ్వలేదట నువ్వు. నీ బ్రిగేడ్ ఇంకా మా ఇల్లు చుట్టుముట్టే ఉంది. బాతులు గుడ్లు పెట్టడం మానేశాయి. నీ సహాయకుడు వంటింట్లో రుచి చూస్తున్నాడు.