టాంటీ లినెట్ మర్యాదలు

జూలై 7, ఆదివారం

మళ్ళీ “మిస్ ఆల్థియా” అంది! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఊరంతా అత్తా అన్నట్టు టాంటీ అని పిలిచే లినెట్ కొడుకు కెర్విన్‌ని నేను ప్రేమిస్తున్నానని బాత్‌వే బీచ్‌లో కుక్కలక్కూడా తెలుసు. అయినా వాళ్ళ బార్‌లో అడుగు పెట్టగానే ఆవిడ నాకోసం బల్ల తుడిపించింది. గ్లాసు కింద కాగితం మడిచి పెట్టింది. కూర్చోండి మిస్ ఆల్థియా, ఎండన పడి వచ్చారు, ఏం పుచ్చుకుంటారు అంది. ఆ పక్కనే ఆవిడ కూతురు షెర్మా ఇసుకలో గొంతుక్కూర్చుని కుండలోంచే లాగించేస్తోంది. ఒసే తిండిపోతా, వచ్చినవాళ్ళకి మిగల్చవే అని ఆవిడ దాన్ని తిడుతోంది. ఎంత ముద్దుగా తిడుతోందో! నాకు కడుపు మండిపోయింది.

షెర్మా చేతులు నాక్కుంటూ అసలు సంగతి చెప్పింది. మా అమ్మ మర్యాద చేసినంత కాలం నువ్వు పరాయిదానివేనమ్మా, నోరారా తిట్టిన రోజున మా ఇంటిదానివి, అప్పుడు వదినా అంటాలే అంది.

కెర్విన్ ఉన్నాడంటే ఉన్నాడు. అమ్మ ఊఁ అంటే కార్నివాల్ అవగానే పెళ్ళి అంటాడు. నువ్వే అడగరాదుట్రా అంటే వినపడనట్టు రమ్ములో జాజికాయ తురుముతూ కూర్చుంటాడు.

జూలై 10, బుధవారం

నేను పనిచేసే మందుల షాపులో దగ్గు మందు అడిగిన పెద్దాయన చేతిలో కళ్ళ చుక్కలు పెట్టాను. ఆయనే చూసి, అమ్మాయ్, ప్రేమా అన్నాడు.

జూలై 14, ఆదివారం

టాంటీ బార్‌లో గ్లాసులు కడుగుదామని లేచాను. అయ్యో మీకెందుకండీ శ్రమ అని చేతిలోంచి లాక్కుంది. ఈగలు తోలబోయాను. వద్దండీ, కూర్చోండి అంది. ఎంత నంగనాచో! నన్ను దూరం పెట్టడానికి ఆవిడ వాడే కత్తికి చక్కెర పూత.

జూలై 20, శనివారం, మధ్యాహ్నం

దేవుడున్నాడు! టాంటీ లినెట్ మణికట్టు బెణికింది. (పాపం, సంతోషించకూడదు.) రేపు ఆయిల్‌డౌన్‌కి, అదే, అన్నీ పొరలుగా పేర్చి కొబ్బరిపాలలో ఉడికించే ఆదివారం వంటకి, కుండ పేర్చేవాళ్ళు లేరు. షెర్మా పేరిస్తే జావ అవుతుందని ఊరంతా ఎరుగును. కెర్విన్ ఫోన్ చేశాడు. ఆ మిస్ ఆల్థియాకి చేతనవునేమో కనుక్కో అందట వాళ్ళమ్మ!

ఆవిడ కుండ ఆవిడ తప్ప ఇంతవరకూ ఎవరూ ముట్టలేదు. ఇది కుదిరిందా, పెళ్ళి కుదిరినట్టే. ఆదివారం బస్సులుండవు కనక ఎప్పటిలాగే శనివారమే బయల్దేరుతున్నాను. రాత్రికి బీచ్ దగ్గర సోటూర్‌లో పిన్ని ఇంట్లో పడుకుంటాను.

జూలై 21, ఆదివారం, పొద్దున్న

నిద్ర పట్టలేదు. వెళ్తున్నా.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాస్తాను.

టాంటీ లినెట్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. మీ ఇష్టం మిస్ ఆల్థియా, నేనేం చూడను అంది. పొయ్యి పక్కన బకెట్టు నీళ్ళలో, ఉప్పు పట్టించి అమ్మే పంది తోకలు ఉన్నాయి. మా ఇంట్లో అమ్మ ముందు రోజే ఉప్పు వదిలేలా వాటిని నీళ్ళలో నానేస్తుంది. ఇక్కడా నానేశారనుకున్నాను. తీసి కుండ అడుగున పరిచేశాను. మీద సీమపనస ముక్కలు, క్యారట్లు, పిండి ఉండలు, పైన చామాకు. పసుపు కలిపిన కొబ్బరిపాలు పోశాను. గరిటె పెట్టలేదు. పాలు ఇగిరి నూనె తేలేదాకా మూత వంకే చూస్తూ నిలబడ్డాను. వాసన! కెర్విన్ వచ్చి నా మెడ వెనక ముద్దు పెట్టి పారిపోయాడు. వడ్డించాను. రాణిలా వడ్డించాను.

అందరూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. తర్వాత టాక్సీ తోలే ఒకాయన లేచి బీరు అడిగాడు. పక్కాయన రెండడిగాడు. కాసేపటికి బార్ మీద పడ్డారు జనం. సముద్రం ఒడ్డున కూర్చుని దాహంతో అల్లాడిపోతున్నారు! బీరు అయిపోయింది. కూల్‌డ్రింకులు అయిపోయాయి. కెర్విన్ కొబ్బరిచెట్టెక్కాడు. అప్పుడు నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.

ఉప్పు కాదు, ఉప్పు గని.

అవి నానేసిన నీళ్ళు కావు. కొట్టువాడు తోకలు నిలవుంచి పంపిన ఉప్పునీళ్ళే. అది చాలక పైన నేనో గుప్పెడు ఉప్పు చల్లాను.

టాంటీ లినెట్ లేచింది. పళ్ళెంలోంచి ఒక పిండి ఉండ తీసి కొరికింది. అయిపోయింది, రేపటినుంచి ఈ బీచ్ మొహం చూడను అనుకున్నాను. ఆవిడ నడుం మీద చెయ్యి వేసి నావైపు తిరిగింది.

ఒసేయ్ ఆల్థియా! నీ నాలుక తగలెయ్యా, సముద్రాన్ని తెచ్చి నా కుండలో పోశావటే అంది. ఉప్పునీళ్ళ బకెట్టుకీ నానేసిన బకెట్టుకీ తేడా తెలీదుటే, మీ అమ్మ నిన్ను కన్నదా, బీచ్‌లో ఏరుకుందా అంది. ఈ వంట తింటే నా కొడుకు బీపీతో పోతాడు, కార్నివాల్ అవగానే పెట్టె సర్దుకుని వచ్చి నా కళ్ళ ముందు పడి ఉండు, నేర్పించి చస్తాను అంది. బార్ అంతా గొల్లుమంది. కెర్విన్ చెట్టుమీదే చేతులు వదిలేయబోయాడు.

నేను బావురుమన్నాను. ఇంకా తిట్టండి అన్నాను. ఎందుకే ఏడుస్తావు వెధవ మొహమా అంటూ తన కొంగులాంటి ఆ ఏప్రన్‌తో నా మొహం గట్టిగా తుడిచింది. చెంప ఇంకా మండుతోంది.

జూలై 28, ఆదివారం

అంట్లు. బార్‌లో ఇంకా అంట్లు. షెర్మా వదినా అంటూ తన వాటా కూడా నాకే తోసేసింది. ఇక చాలు, టాంటీ... కాదు, అమ్మ అరుస్తోంది. వెళ్ళకపోతే వీపు విమానం మోత మోగుతుంది.