నీ తలనొప్పి నిజమేనట

బుడంకాయా,

పాలు ఫ్లాస్కులో పోసి నీ మంచం పక్కన పెట్టాను, తాగి మళ్ళీ పడుకో. ఫోను జోలికి పోకు. రేడియో కట్టేశాను.

నువ్వు సైకిల్ మీంచి పడ్డాక స్కానింగులో ఏమీ లేదన్నారని, నీ తలనొప్పిని బడి ఎగ్గొట్టే వేషాలన్నాను. మొన్న నీకు తీయించిన రక్తపరీక్ష గురించి పొద్దున డాక్టరమ్మ ఫోను చేసింది. మెదడుకు దెబ్బ తగిలితే రక్తంలోకి ఏదో దిగుతుందట, నీకది ఎక్కువే ఉందట. కోలుకోడానికి నెలలు పట్టొచ్చు, తొందరపెట్టొద్దంది.

ఇంట్లో ఉంటే నా నోరు ఊరుకోదు కనుక పక్కింటి మెట్ల మీద కూర్చుంటాను. ఏం కావాలన్నా కర్టెన్ సందులోంచి చెయ్యి ఊపు.

అమ్మమ్మ

అక్షరాలు పెద్దవిగా రాశాను, కళ్ళు చికిలించకు. నువ్వు చెప్పినప్పుడే నమ్మాల్సింది తల్లీ, నీ చేతికి సూది గుచ్చించి మరీ నమ్మాను.