కొత్త వాసన లేని వంటిల్లు

నా మాట వినని బంగారుతల్లికి,

నీ మాట వినని నాన్న దీవించి రాస్తున్నది. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్లో నేను ఒక ముక్క అనేలోపు నువ్వు పది అందుకుంటావు. కాగితం మీద నాకు అడ్డొచ్చేవాళ్లుండరు.

నిన్న పొద్దున నడకకి వెళ్లి, దారిలో క్షవరం చేయించుకుని తీరిగ్గా ఇంటికొచ్చేసరికి మన వంటింటి అల్మారాలన్నీ వాకిట్లో వరసగా పడి ఉన్నాయి. లోపల నీ మేస్త్రీ, అతని తోడల్లుడు కొత్తవి బిగిస్తున్నారు. మీ అమ్మ వరండాలోకి స్టవ్ తెచ్చుకుని వాళ్లకి టీ పెడుతూ, "ఏమండీ, మీకూ ఒక కప్పు పొయ్యనా?" అంది, ఏమీ ఎరగనట్టు. తల్లీకూతుళ్లు నా కళ్లుగప్పి ఎప్పుడు కొలతలు తీయించారో!

సరే, వచ్చాయి కదా అని చూశాను. తలుపులు వెదురు బోర్డట. చట్రాలు ఎక్కడో కూల్చిన గోదాముల కలపట. జిగురులో విషం లేదట, పైన రంగు బదులు నూనె పూతట. ముప్పై ఏళ్లు ప్లైవుడ్ కొట్టు నడిపినవాడికి నీ మేస్త్రీ పాఠం చెబుతుంటే బుద్ధిమంతుడిలా తలూపాను. ఈమధ్య అందరికీ ఇదే పిచ్చి. మన వీధి చివర లేస్తున్న ఇంటికి మట్టి ఇటుకలు, పైన సోలార్ పలకలు, కింద వాననీటి తొట్టి. నా కొట్టు కొనుక్కున్నవాడు కూడా గుమ్మం మీద ఆకు బొమ్మ వేయించాడు. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందిట" అన్నాను మీ అమ్మతో. ఆవిడ నవ్వలేదు.

అసలు నా బాధ అల్మారాలు కాదు, అది నీకూ తెలుసు. పోయినేడు నువ్వు కట్టిన ఇంట్లోకి ఆ ఇంటివాళ్లు దిగిన రోజు మమ్మల్నీ పిలిచావు. నీ పని చూసి నా ఛాతీ ఉబ్బిపోయింది. అంతలో ఎవరో, "ఈ జిగురు గొడవంతా నిజమేనా అండీ?" అని అడిగారు. నువ్వు నవ్వుతూ, "మా అమ్మకి వచ్చే దగ్గే సాక్ష్యం. మా వంటింటి నిండా నాన్న కొట్టు బోర్డులే" అన్నావు. అందరూ నా వైపు తిరిగారు. తల కొట్టేసినట్టయింది. చేతిలో కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక, దాంతోనే మేడెక్కి సోలార్ పలకలు చూస్తూ నిలబడ్డాను. ఆ బోర్డులు అమ్మే నిన్ను చదివించాను తల్లీ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా! ఆ రోజు నుంచి నేను నీతో సరిగ్గా మాట్లాడలేదు. నువ్వూ ఇంటికి రావడం మానేశావు, అమ్మతో ఫోన్లో మాట్లాడి పెట్టేస్తున్నావు.

ఇక నా నిర్ణయం. మీ అమ్మ ముచ్చటపడుతోంది కనక నెలాఖరు దాకా ఊరుకుంటాను. నచ్చకపోతే నీ సరుకు నీకే పంపించేసి, పాతవి మళ్లీ బిగిస్తాను. వాటికి టార్పాలిన్ కప్పి ఉంచాను.

ఇట్లు,
నీ మీద కోపంగా ఉన్న నాన్న

*

చిట్టితల్లికి,

కోపం సగం తగ్గిందని రాయడానికి కలం పట్టాను. సొరుగులు వెన్నలో జారినట్టు జారుతున్నాయి. తలుపు వేస్తే చప్పుడు లేదు. మీ అమ్మ పీట ఎక్కకుండానే పైఅర అందుకుంటోంది. ఇవన్నీ ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క లోపం ఉంది, నీలాంటి చదువుకున్నదానికి ఎలా తట్టలేదో తెలియదు. వీటికి కొత్త వాసన లేదు!

మా వ్యాపారంలో సరుకు రాగానే కట్ట విప్పి ముందు వాసన చూస్తాం. కొత్తరకం బోర్డు ఏది వచ్చినా మొదట మన వంటింట్లోనే బిగించేవాణ్ణి, గుర్తుందా? కొనేవాళ్లని ఇంటికి తీసుకొచ్చి, తలుపు తెరిచి, "ఒక్కసారి ఊపిరి పీల్చండి" అనేవాణ్ణి. వాళ్ల మొహాలు విప్పారేవి. బేరం అక్కడే కుదిరిపోయేది. నా లెక్కలో అది లక్ష్మి వాసన.

మొన్న పక్కింటి లెక్కల మాస్టారు, ఆయన భార్య వంటిల్లు చూడటానికి వచ్చారు. వాళ్లు పైన ఇంకో అంతస్తు వేస్తున్నారు, వంటింటి పని నీకిద్దామా అని ఆలోచనలో ఉన్నారు. మాస్టారు అల్మారాలో తల దూర్చి, "ఏం షావుకారుగారూ! అమ్మాయి పాత సామాను అంటగట్టినట్టుందే? కొత్త వాసనే రాదు!" అని పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నిన్ను నేను ఏమన్నా అనొచ్చు, కన్నవాణ్ణి. మధ్యలో ఆయనెవరు?

అదృష్టవశాత్తూ మర్నాడే మీ అమ్మ వాళ్లక్క ఊరికి వెళ్లింది. షెడ్డులో కొట్టునాటి వార్నిష్ డబ్బాలు ఇంకా ఉన్నాయి. కుంచె పట్టుకుని లోపలా బయటా పూసేశాను. నీ నూనె మీద మొదట మొరాయించింది కానీ, రెండో పూతకి లొంగింది. ఇప్పుడు తలుపుల్లో మొహం చూసుకోవచ్చు. వాసనంటావా, వంటింటి గడపలోనే ఎదురొస్తోంది. మాస్టారిని మళ్లీ పిలుస్తాను. నీ పరువు నిలబెట్టాను తల్లీ, మెచ్చుకోకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
అవసరానికి ఆదుకునే నాన్న

*

నా తల్లికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

మీ అమ్మ ఊరి నుంచి నవ్వుతూ దిగింది. "నీకో విశేషం చూపిస్తా రా" అని వంటింటి దాకా తీసుకెళ్లాను. గడప మీదే ఆగిపోయింది. దగ్గు. మామూలు దగ్గు కాదు, వరండాలోకి పరిగెత్తి స్తంభం పట్టుకుని వంగిపోయింది. కళ్ల వెంట నీళ్లు. మంచినీళ్లు ఇస్తే గుటక పడలేదు. నీ అల్మారాలు వచ్చాక ఆవిడ దగ్గలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. దగ్గు పోయినప్పుడు నేను చూడలేదు తల్లీ, మళ్లీ వచ్చాక చూశాను.

ఊపిరి కుదుటపడ్డాక అడిగాను, "ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పొచ్చుగా?" అని.

"ఏం చెప్పమంటారు? సాయంత్రం మీరొస్తే మీ చొక్కాకీ అదే వాసన. అది వద్దంటే మిమ్మల్ని వద్దన్నట్టుంటుందని ఊరుకున్నాను" అంది.

అంత ప్రేమ నా ఇంట్లోనే ఉందనీ, దాన్ని నేను దగ్గించి దగ్గించి పెట్టాననీ ఒక్కసారే తెలిసింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారే, నువ్వు నలుగురిలో అన్నప్పుడు నాకు వచ్చింది ఆ ఉలుకే. నువ్వు అబద్ధమాడి ఉంటే నేనే నవ్వేసేవాణ్ణి.

వెంటనే కిటికీలన్నీ తీయించి, మీ అమ్మకి ముందుగదిలో మకాం పెట్టించి, నీ మేస్త్రీకి కబురు పెట్టాను. తలుపులన్నీ ఊడదీసి పెరట్లో వేసి, ఇద్దరం గరుకు కాగితాలు పట్టుకుని కూర్చున్నాం. "అయ్యగారూ, ఇంత మందాన ఎవరు పూశారండీ?" అని అడిగాడు. "ఉన్నాడొక మేధావి" అన్నాను. నా గోళ్లలో వార్నిష్ చూసి, పాపం, ఇంకేమీ అడగలేదు. అరలన్నీ గీకి, మళ్లీ నూనె పట్టించేసరికి నా భుజాలు పడిపోయాయి. వాకిట్లోని పాత అల్మారాలు టార్పాలిన్‌తో సహా పంపించేశాను. షెడ్డులో డబ్బాలూ పోయాయి.

మాస్టారు దంపతులు మళ్లీ వచ్చారు. ఆయన నోరు తెరవకముందే నేను అందుకున్నాను. "మాస్టారూ, వాసన లేకపోవడమే వీటి గొప్ప. మా ఆవిడ దగ్గుకి కారణం నా కొట్టు బోర్డులే" అన్నాను. మీ అమ్మ నా చేయి గిల్లింది. మాస్టారు మళ్లీ అల్మారాలో తల దూర్చాడు గానీ, ఆయన భార్య, "మా మనవడూ ఇలాగే దగ్గుతుంటాడండీ. మీ అమ్మాయి మాకెప్పుడు చేసిపెడుతుంది?" అంది. అమ్మడం నాకు కొత్త కాదు కానీ, ఒక్క మాట కూడా పెంచి చెప్పకుండా అమ్మడం ఇదే మొదలు.

ఇవాళ పొద్దున పేపరు చదువుకుంటుంటే ఎక్కడి నుంచో పాట వినిపించింది. మాస్టారింట్లో రేడియో అనుకున్నాను. లేచి వెళ్తే, మన వంటింట్లో మీ అమ్మ! కూర తరుగుతూ, గొంతెత్తి పాడుతోంది. పెరట్లోకి వెళ్లి మీ పెద్దమ్మకి ఫోన్ చేశాను. "అదేంటి మరిదిగారూ, మీకు తెలీదా? పెళ్లికి ముందు అది పాడని పూట లేదు. మీ ఇంటికొచ్చాక చరణం పూర్తికాకుండానే దగ్గొస్తోందని మానేసింది" అంది. ఇన్నేళ్లు కాపురం చేశాను, మీ అమ్మ పాడుతుందని నాకు తెలియదు. నీకైనా తెలుసా?

తిరిగొచ్చి గుమ్మం ఇవతలే నిలబడిపోయాను. లోపలికి అడుగుపెడితే ఆపేస్తుందేమోనని భయం. ఆదివారం నువ్వు రా తల్లీ. వచ్చేటప్పుడు బెల్లు కొట్టకు. పెరటి తలుపు తీసి ఉంచుతాను. చెప్పులు బయటే విడిచి, చప్పుడు చేయకుండా వచ్చి నా పక్కన నిలబడు.

నీ కోసం ఎదురుచూసే
నాన్న